మూడు తంగేడు గింజలు

చెలకనాడు రాజభవనంలో అన్నానికి ముందు ప్రతివారూ ఒక ప్రశ్న అడిగే అలవాటు ఉండేది. ఇప్పుడు లేదు.

ఆ అలవాటు ఉన్న రోజుల్లో ఆ నాటిని మణికేతుడనే రాజు ఏలేవాడు. ఆయన రాణి పేరు హిరణ్మతి. వారికి ముగ్గురు కొడుకులు. పెద్దవాడు జయకేతుడు, ఏనుగును నిలబెట్టగల బలవంతుడు. రెండవవాడు రణకేతుడు, గుర్రాన్ని దాటిపోగల వేగం కలవాడు. మూడవవాడు ఇందుకేతుడు. అతని బలం సామాన్యం, వేగం అంతకన్నా సామాన్యం. అయితే చీమల బారు కనబడితే అది ఎక్కడికి పోతున్నదో చూడకుండా ఇంటికి వచ్చేవాడు కాడు.

మధ్యాహ్నం విస్తళ్లు వేసి అన్నం వడ్డించిన తరువాత, నెయ్యి వడ్డించకముందు, పంక్తిలో కూర్చున్న ప్రతివారూ తమకు జవాబు తెలియని ప్రశ్న ఒకటి అడగాలి. తెలిసిన సంగతే అడిగితే ఆ పూటకు నెయ్యి లేదు. జయకేతుడు నెలలో సగం రోజులు నెయ్యి లేకుండానే తినేవాడు. ఇందుకేతుడు మాత్రం మబ్బు బరువెంత అని ఒకనాడు, చేప నిద్రపోతే నీరు దానిని ఎటు మోసుకుపోతుంది అని ఒకనాడు అడిగేవాడు. జవాబు ఎవరూ చెప్పనక్కరలేదు. అడగడమే ఆచారం. ఆ ఆచారం పెట్టినది రాణి హిరణ్మతి.

ఒకనాడు ధూమ్రశిఖుడనే మాంత్రికుడు అతిథిగా వచ్చి పంక్తిలో కూర్చున్నాడు. కిటికీ లోనుంచి ఎండ పడుతున్నది. అందరి నీడలూ గోడమీద వరుసగా ఉన్నాయి. ఆయన నీడ లేదు. రాణి వంతు వచ్చింది.

"స్వామీ, మీకు నీడ లేదు. మీ ప్రాణం మీ ఒంట్లో లేదా? ఎక్కడ ఉంది?" అని అడిగింది.

ధూమ్రశిఖుడు నవ్వి ఊరుకొన్నాడు. వినబడలేదేమో అనుకొని ఆమె మరొకసారి అడిగింది. ఆయన ముఖం చిట్లించాడు. ఆమె మూడవసారి నోరు తెరవబోయేంతలో ఆయన పంచపాత్రలోని నీళ్లు పుడిసిలించి ఆమె మీద చల్లాడు. రాణి కూర్చున్నది కూర్చున్నట్లే స్తంభానికి ఒరిగి నిద్రపోయింది. మాంత్రికుడు లేచి, విస్తరి దాటి, గాలిలో పొగలాగా వెళ్లిపోయాడు.

రాణి లేవలేదు. మేళాలు వాయించారు, లేవలేదు. ఏనుగులను ఘీంకరింపజేశారు, లేవలేదు. చిన్నకొడుకు చెవిలో అమ్మా అని పిలిచాడు, అప్పటికీ లేవలేదు. ఆస్థాన వైద్యుడు నాడి చూసి, ఊపిరి ఇక నెలనెలకూ సన్నబడుతూ పోతుందని, వచ్చే వానాకాలం దాటడం కష్టమని చెప్పాడు. మణికేతుడు దుఃఖం పట్టలేక, ఈ అనర్థం ఒక ప్రశ్న వల్లనే వచ్చింది గనుక ఇకమీదట తన ఇంట ఎవరూ ప్రశ్న అడగరాదని చాటింపు వేయించాడు. ఆ పూటనుంచి భవనంలో అందరూ తలలు వంచుకొని తిన్నారు. నెయ్యి అందరికీ సమానంగానే వడ్డించారు.

జయకేతుడు బయలుదేరాడు. మాంత్రికుల ప్రాణం ఎక్కడ ఉంటుందో లోకమంతటికీ తెలుసు, ఏడు సముద్రాల అవతల ఒక చిలకలో ఉంటుంది. పోయి దాని మెడ విరిచి వస్తానన్నాడు. నెల గడిచింది, రాలేదు. రణకేతుడు బయలుదేరాడు. అన్న ఆలస్యం చేసి ఉంటాడని, తాను వేగంగా పోయి అదే చిలక మెడ విరిచి వస్తానన్నాడు. మరో నెల గడిచింది, అతడూ రాలేదు. అప్పుడు ఇందుకేతుడు తండ్రి ఎదుట నిలబడ్డాడు. వెళ్లవచ్చునా అని అడగడానికి వీలులేదు కదా. అందువల్ల "నాన్నగారూ, నేను వెళ్లి, అక్కడ అడిగి వస్తాను" అని మాత్రం అన్నాడు. ఇక్కడ కాదు గనుక అడుగు అన్నాడు రాజు.

మొదటి సముద్రం ఒడ్డున గుట్టంత తాబేలు ఎండ కాచుకొంటున్నది. ఇందుకేతుడు దానికి నమస్కరించి ఇలా అడిగాడు: "తాతా, ఈ నీళ్లన్నీ ఉప్పే కదా. నీకు దాహం వేస్తే ఏమి తాగుతావు?"

తాబేలు మెడ మొత్తం బయటకు చాచింది. మూడు వందల ఏళ్లుగా మనుషులను మోస్తున్నానని, మొన్న ఎక్కిన ఇద్దరిలో ఒకడు వీపు మీద గుద్దాడని, ఇంకొకడు కొరడా వెదికాడని, తన దాహం సంగతి అడిగినవాడు నీవొక్కడవేనని చెప్పింది. ఏడు సముద్రాలూ దాటించింది. దాటించే దారిలో ఒక రహస్యం కూడా చెప్పింది. ధూమ్రశిఖుని గురువును మోసింది కూడా తానేనట. నీ ప్రాణం ఎక్కడ అని ఎవరైనా మూడుమార్లు అడిగితే నిజం చెప్పి చేతిలో పెట్టవలసిందేనని ఆ గురువు శిష్యుని మీద ఆన పెట్టాడట.

"మీ అమ్మ రెండుమార్లు అడిగింది. మూడవమాట దగ్గర ఆగిపోయింది" అన్నది తాబేలు.

దీవిలో మాంత్రికుని తోట ఉన్నది. తోట నడుమ రెండు దిష్టిబొమ్మలు కిరీటాలు పెట్టుకొని నిలబడి ఉన్నాయి. పెద్దదాని భుజం మీద కాకి ఒకటి ముక్కు రుద్దుకొంటున్నది. ఇందుకేతుడు ఆ ముఖాలు చూసి అన్నలను గుర్తుపట్టాడు. పక్కన పంజరంలో చిలక మెడ వంకరగా పెట్టుకొని మూలుగుతున్నది.

"నీవు మూడవవాడివా? కానివ్వు, విరుచు. నా మెడలో ప్రాణం నాది ఒక్కటే నాయనా, అది కూడా సగమే మిగిలింది. ఏ కథ విన్నా చిలకే అంటారు. ఒక్కరైనా నన్ను అడిగి చేయరు" అన్నది చిలక.

ఇందుకేతుడు పంజరం తలుపు తీసి, మెడ ఎక్కడ నొప్పి అని అడిగాడు.

ఇంతలో ధూమ్రశిఖుడు వచ్చాడు. ఒక చేతిలో పంచపాత్ర ఉన్నది. ఇందుకేతుడు ఊపిరి నిండా పీల్చుకొని, నడుమ గుక్క తిప్పుకోకుండా, "అయ్యా మీ ప్రాణం ఎక్కడుంది, మీ ప్రాణం ఎక్కడుంది, మీ ప్రాణం ఎక్కడుంది?" అన్నాడు. మొదటి మాటకు నవ్వడానికీ, రెండవ మాటకు ముఖం చిట్లించడానికీ మాంత్రికునికి వ్యవధి దొరకలేదు. నీళ్లు పుడిసిట్లోనే ఉండిపోయాయి.

ఆన ఆన కదా. ధూమ్రశిఖుడు నడుముకు కట్టుకొన్న తిత్తి విప్పి మూడు గింజలు అతని అరచేతిలో పోశాడు. గోధుమరంగు గింజలు, బల్లపరుపుగా, నున్నగా, రాయిలాగా గట్టిగా ఉన్నాయి.

"ఇవి తంగేడు గింజలు. వీటిలో నా ప్రాణం నిద్రపోతున్నది. చితగ్గొట్టినా కాల్చినా నాకేమీ కాదు. మీ అమ్మ నిద్ర మాత్రం ఇక తెల్లవారదు. వీటిలో ఒక్కటి మొలిచిననాడు నేను చస్తాను. ఒక్కొక్క గింజకు పదిహేను రోజులు గడువు. మూడూ చెడిపోతే నీ అన్నల పక్కన నీకు చోటు ఉంది" అన్నాడు.

గింజను మొలిపించడం ఏమంత గొప్ప అనుకొన్నాడు ఇందుకేతుడు. చెలకనాడు భవనంలో ఏ మొక్క నాటినా ముందు పాలు పోస్తారు. అతడు తోటలోని నల్లమట్టిని మెత్తగా చేసి, పశువుల ఎరువు కలిపి, నీడపట్టున మొదటి గింజ నాటి, ఉదయం పాలు, మధ్యాహ్నం నీళ్లు, సాయంత్రం మళ్లీ నీళ్లు పోశాడు. పదిహేనవ రోజున తవ్వి చూశాడు. గింజ బురదలో కుళ్లి, వేలితో ముట్టుకొంటే జావలాగా జారిపోయింది.

రెండవ గింజను వెంటనే నాటలేదు. ముందు నీళ్లలో వేసి చూశాడు. ఒక రోజు గడిచినా అది ఉబ్బలేదు, మెత్తబడలేదు. పట్టి చూస్తే నిన్న ఎలా ఉన్నదో నేడూ అలాగే ఉన్నది. ఇది నీరు తాగడం లేదు, ఎందుకు తాగడం లేదు అని చీమను అడిగాడు. పైపెంకు మా దవడలకే లొంగదు, నీటికేమి లొంగుతుంది అన్నది చీమ. అయితే వేడి తగలాలి కాబోలునని చిలకను అడిగాడు. వేడినీళ్ల సంగతి ఎక్కడో విన్నట్లే ఉన్నదన్నది చిలక. ఇందుకేతుడు కుండ పొయ్యి మీద పెట్టి, గింజను అందులో వేసి, నీళ్లు తెర్లి తెర్లి పొంగేదాకా కాచాడు. గింజ ఉబ్బింది. నాటాడు. పదిహేను రోజులు గడిచినా రాలేదు. ఉడికిన పప్పు మొలకెత్తుతుందా?

ఒక్క గింజ మిగిలింది. అతడు గట్టుమీద కూర్చొని దానిని చూస్తూ ఉండగా నీళ్లకావడి భుజాన వేసుకొని ఒక యువతి అటుగా పోతూ ఫక్కున నవ్వింది. ఆమె పేరు పైడి. ఆ దీవిలోని మేకలకాపరుల బిడ్డ. మాంత్రికుడు ఆమెను పట్టి తెచ్చి తోటకు నీళ్లు మోయడానికి పెట్టుకొన్నాడు. నెల రోజులనుంచి ఆమె ఇందుకేతుని ముందు రోజుకు ఇరవైసార్లు తిరుగుతూనే ఉన్నది.

ఎందుకు నవ్వుతున్నావని అతడు అడిగాడు.

"తాబేలును అడిగావట. చిలకను అడిగావు. చీమను కూడా అడిగావు. తంగేడు పొదల నడుమ పుట్టి పెరిగినదానిని నేను ఇక్కడే ఉన్నాను. నన్నెందుకు అడగలేదు దొరా?"

ఇందుకేతునికి తమ ఇంటి పంక్తి గుర్తుకువచ్చింది. తమ ఇంట పంక్తిలో కూర్చున్నవారిని అడిగేవారు. వంగి వడ్డించేవారిని, నీళ్లు తెచ్చేవారిని ఏనాడూ అడగలేదు, వారి చేత అడిగించనూ లేదు. ఇన్నేళ్లలో తనకు అది తట్టనేలేదు. అతడు కావడి ఆమె భుజం మీదినుంచి దించి కింద పెట్టి, రెండు గింజలూ పాడుచేసింది తానేనని ఒప్పుకొని, తనకు తెలియదని, చెప్పమని అడిగాడు.

పైడి అతనిని దీవి వెనుక గుట్టకు తీసుకుపోయింది. అక్కడంతా ఎర్ర గరప, గులకరాళ్లు కలిసిన నేల. గడ్డి కూడా సరిగా లేని ఆ నేలమీద నిలువెత్తు పొదలు నిలబడి ఉన్నాయి. ఒక్కొక్క రెమ్మ కొసనా ఐదేసి రేకుల పచ్చని పూలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. గుట్టంతా పసుపు ఆరబోసినట్లు ఉన్నది. ఇందుకేతుడు అంతవరకూ ఆ పూవును చూసి ఎరుగడు. ఇంత ఎండలో, ఈ రాళ్లలో ఇది ఏమి తాగుతుందని అడిగాడు. వేరు కిందికి పోతుందని, పైన నీళ్లు పోసి అలవాటు చేస్తే కిందికి పోవడం మానేస్తుందని పైడి చెప్పింది. పొదల నడుమ ఒక ముసలిమేక పడుకొని నెమరువేస్తున్నది. దానినీ అడిగాడు.

"ఆకు మేం ముట్టం. రుచి మాకు పట్టదు. కాని దారి ఇటే గనుక రాలిన గింజల మీద తొక్కుకొంటూ పోతాం. మా గిట్టల కింద రాళ్లకు రాసుకొన్నవి వానకు మొలుస్తాయి. రాసుకోనివి అలాగే పడి ఉంటాయి. మా అమ్మమ్మ తొక్కనివి ఇంకా ఉన్నాయి" అన్నది మేక.

ఇందుకేతుడు ఆ మాట విని మూడవ గింజను గరుకురాతి మీద పెట్టాడు. పైడి పక్కన కూర్చొని చూపించింది. మొలక వచ్చే మొన వైపు ముట్టుకోకూడదు. దాని ఎదుటి అంచును మెల్లగా, పెంకు కింద లేతరంగు కొద్దిగా కనబడేదాకా రుద్దాలి, అంతకు మించి ఒక్క రాపిడి కూడా కూడదు. తరువాత చన్నీళ్లలో ఒక రాత్రి ఉంచారు. తెల్లవారేసరికి గింజ రెండింతలయింది. అది నీరు తాగడం ఇందుకేతుడు అదే మొదటిసారి చూశాడు. ఆ గుట్టమీదే, నీడ పడనిచోట, నీరు నిలవని వాలులో, గోరు మునిగేటంత లోతున నాటి, దోసెడు నీళ్లు పోశాడు. ఇక మట్టి ఎండేదాకా పోయవద్దన్నది పైడి.

అదే అన్నింటికన్నా కష్టమయింది. ఒక రోజు ఊరక కూర్చున్నాడు. రెండు రోజులు కూర్చున్నాడు. మూడవనాడు మాంత్రికుడు ముసలమ్మ రూపం ధరించి, చంకన నీళ్లకుండ పెట్టుకొని వచ్చాడు.

"ఎండ చూడు నాయనా, ఎలా కాలుతున్నదో. గొంతెండిన గింజకు చుక్క నీళ్లు పోయలేవా? మంచాన పడిన మీ అమ్మకైనా ఇంతేనా?"

ఇందుకేతుని కళ్లు నిండాయి. అతని చెయ్యి కుండ మీదికి పోయింది. నీళ్లు చల్లగా ఉన్నాయి. నిజంగా దాహం వేస్తున్నదా అని ఎవరిని అడగాలి? గింజ చెప్పదు. అతడు కుండ వదిలి, గింజకు బెత్తెడు దూరంలో చూపుడువేలును మొదటి కణుపుదాకా మట్టిలోకి దించాడు. లోపల ఇంకా తడి ఉన్నది. దానికి చాలు అవ్వా, ఆ నీళ్లు నీవే తాగు అన్నాడు. ముసలమ్మ కుండను బండకేసి కొట్టి వెళ్లిపోయింది.

ఏడవనాటి ఉదయం మట్టి నెర్రెవిచ్చింది. వంగిన మెడ ఒకటి బయటకు వచ్చింది. ఎండ ఎక్కేసరికి అది నిటారుగా నిలిచి, దళసరి ఆకులు రెండు విప్పింది.

ధూమ్రశిఖుడు పరుగెత్తుకొని వచ్చాడు. వస్తూ వస్తూ ఆగిపోయాడు. అతని పాదాల దగ్గర నేలమీద నీడ పడి ఉన్నది. నూరేళ్లుగా చూడని ఆ నీడను అతడు వంగి వింతగా చూశాడు. చెయ్యెత్తితే అదీ చెయ్యెత్తింది. చూస్తూ ఉండగానే జుట్టు నెరిసి, నడుము వంగి, ఎండుటాకుల కుప్పలాగా నీడమీదనే కూలిపోయాడు.

తోటలో దిష్టిబొమ్మలు తుమ్మాయి. జయకేతుడు భుజం మీది కాకిని తోలుకొన్నాడు. అన్నలిద్దరూ వచ్చి తమ్ముని కౌగిలించుకొని, మొక్కను పెళ్లగించి బంగారు కుండీలో పెట్టి తీసుకుపోదామన్నారు. పైడి అడ్డం నిలబడింది. ఇది గుంజితే వచ్చే వేరు కాదని, తెగిందంటే బతకదని, కావలసినన్ని కాయలు గుట్టమీద ఎండి ఉన్నాయని చెప్పింది. చిలక అప్పటికే ఏడు సముద్రాలు దాటి పోయి, మూడవనాటికి వార్త తెచ్చింది. రాణి కళ్లు తెరిచిందట. తెరుస్తూనే, ఆగిపోయిన మూడవమాట పూర్తిచేస్తూ, ఎక్కడ ఉంది అన్నదట. రాజు ఏడ్చాడట.

నలుగురూ తాబేలు మీద తిరిగి వచ్చారు. పైడిని పెళ్లాడతానని ఇందుకేతుడు తల్లితో చెప్పాడు. హిరణ్మతి పైడిని పక్కన కూర్చోబెట్టుకొని, నా కొడుకులో నీకు ఏమి నచ్చిందని అడిగింది.

"రెండు గింజలు పాడుచేశాడు అత్తా. కాని పాడుచేసింది తానేనని ఒప్పుకొన్నాడు" అన్నది పైడి.

పెళ్లి అయిదు రోజులు జరిగింది. పూలదండలన్నీ తంగేడువే కావాలని పైడి అడిగితే, తాబేలు ఆ దీవికి పోయి వీపునిండా మోసుకొచ్చింది. రాజ్యభారం తనకు వద్దన్నాడు జయకేతుడు. తోటలో కదలకుండా నిలబడడం అలవాటై, పంటకాపలా తనకు సుఖంగా ఉన్నదన్నాడు. రణకేతుడు వార్తలు మోయడానికి ఒప్పుకొన్నాడు. ఇందుకేతుడు రాజయ్యాడు, నలభై రెండేళ్లు ఏలాడు.

మొదటి ఏడాది భవనపు తోటమాలులు తంగేడుకు పాలు పోసి చంపారు. రెండవ ఏడు పైడి వారిని కూర్చోబెట్టి, వారేమి చేశారో ముందు అడిగి, తరువాత తనకు తెలిసింది చెప్పింది. తొలకరికి ముందు గింజ గీసి, నానబెట్టి, పనికిరాదని వదిలేసిన గరపదిబ్బల మీద మొక్కకూ మొక్కకూ నడుమ మనిషి చేయి చాపేటంత ఎడంతో నాటించింది. తొలి వేసవి దాటేదాకా చుట్టూ కలుపు తీయడమే పని. పూత అయిపోయి కాయ రాలాక మూడో వంతు కొమ్మ కొట్టివేస్తే మరుసటి ఏడు పొద గుబురవుతుంది. అలా చెలకనాడు దిబ్బలన్నీ పచ్చబడ్డాయి.

ప్రశ్నలు అడగరాదన్న ఆజ్ఞను మణికేతుడు పెళ్లినాడే ఎత్తివేశాడు. కాని ఒకసారి పోయిన అలవాటు చాటింపుతో తిరిగిరాదు. రెండు నెలలు ప్రయత్నించారు. విస్తరి ముందు అందరూ ఒకరి ముఖం ఒకరు చూసుకొనేవారు, అన్నం చల్లారేది. తరువాత మానుకొన్నారు. అడగవలసినవి పొలాల్లో, దిబ్బల మీద, పని చేస్తూ చేస్తూ ఒకరినొకరు అడిగారు.

హిరణ్మతి మేలుకొన్న తరువాత పంతొమ్మిదేళ్లు బతికింది. ప్రతి ఏడూ కాయ రాలాక మణికేతుని వెంటబెట్టుకొని కొమ్మలు కొట్టడానికి దిబ్బకు పోయేది. ఆఖరి ఏడు కూడా పోయారు. ఆమెకు నిలబడే ఓపిక లేదు గనుక బండమీద చాప పరిచాడు. అతడు కొట్టిన కొమ్మల్లోనుంచి ఆమె చక్కనివి ఏరి, ఈ కణుపు దగ్గర కొయ్యి, అది వంకర, అది వద్దు అని చెబుతూ ఉంటే, అతడు జానెడు జానెడు ముక్కలు కోసి పందుంపుల్లలు చేశాడు. పచ్చి బెరడు చీల్చి నారతీసి ఇద్దరూ కట్టలు కట్టారు. ఒక కట్ట ముడి జారిపోతే ఆమె అతని చేతిలోనుంచి తీసుకొని, విప్పి, మళ్లీ కట్టింది. చీర మీద పడిన బెరడు పొట్టు దులుపుకొని, చెయ్యి అందించమన్నది. కట్టలు ఆమె ఒడిలో రెండు, అతని చంకలో ఆరు. ఎండ ఇంకా ఉండగానే మెల్లగా దిబ్బ దిగారు.